పంతొమ్మిదో గేటు: ఒక వారం వార్తలు, డెబ్బై ఏళ్ల చరిత్ర

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగింది. గేటు నీళ్లలో కొట్టుకుపోయింది. అప్పటికి డ్యాం నిండుగా ఉంది. ఆ ఒక్క గేటు నుంచే దాదాపు 35 వేల క్యూసెక్కుల నీరు పోతోందని వార్తలు వచ్చాయి. మిగతా గేట్ల మీద బరువు తగ్గించడానికి వాటిని కూడా తెరిచి, మొత్తం లక్ష క్యూసెక్కుల దాకా నదిలోకి వదిలారు. వారం తిరిగేలోపు ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ అనే ఇనుప పలకలను ఒకదాని మీద ఒకటి దించి నీటిని ఆపారు.

బళ్ళారి జిల్లాలో ఉండే మనకు ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ వారం నేను ఆ వార్తలను ఎక్కడ వెతికాను, ఎలా కుదించి రాసుకున్నాను, దేన్ని నమ్మాను, దేన్ని పక్కన పెట్టాను అన్నది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది చరిత్ర వ్యాసం ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. ఒక గేటు వార్తను సరిగ్గా అర్థం చేసుకోవాలంటే 1953 దాకా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అందుకే ఇది చరిత్ర వ్యాసం.

వార్తల నోటు పుస్తకం

మా సోషల్ మేడం జూన్‌లోనే పదో తరగతి వాళ్లందరికీ ఒక పని పెట్టారు. ఒక్కొక్కరు ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. వారానికి ఒక వార్త ఎంచుకోవాలి. దాన్ని కనీసం రెండు చోట్ల చదవాలి. ఆరు లైన్లలో సారాంశం రాయాలి. ఆ కింద నాలుగు లైన్లలో ఈ వార్త ఎంతవరకు నమ్మదగింది, ఎందుకు అన్నది రాయాలి. పేపరు కోసి అంటిస్తే మార్కులు లేవు, మన మాటల్లో రాస్తేనే మార్కులు.

మేడం ఒక మాట చెప్పారు. "రాజులు శాసనాలు వేయించారు. మన కాలానికి పేపర్లు ఉన్నాయి. రెండూ ఎవరో ఒకరు ఒక చోట కూర్చుని రాయించినవే. శాసనాన్ని ఎట్లా అనుమానంతో చదువుతామో వార్తను కూడా అట్లే చదవండి. అనుమానం అంటే నమ్మకపోవడం కాదు, అడగడం."

జూన్, జూలైలో క్రికెట్టు, వానలు, బస్సు చార్జీలు లాంటివి రాశాం. ఆగస్టులో మాత్రం వార్తే మా ఇంటికి వచ్చింది.

ఈ వార్త మాకు ఎందుకు ముఖ్యం

మా మామ సిరుగుప్ప తాలూకాలో దిగువ కాలువ కింద ఆరు ఎకరాలు సాగు చేస్తాడు. సోనా మసూరి వేస్తాడు. ఆగస్టు 10 నాటికి నాలుగు ఎకరాల్లో నాట్లు అయిపోయాయి. ఇంకో రెండు ఎకరాలకు నారు సిద్ధంగా ఉంది. కూలీలకు మాట కూడా ఇచ్చాడు. ఆదివారం పొద్దున్నే అమ్మకు ఫోన్ చేశాడు.

"పాపను అడుగు, పేపర్లో ఏం రాసినారో. ఇక్కడ ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తా ఉన్నాడు. ఒకడు డ్యామే తెగిందంటాడు, ఒకడు ఏం కాలేదంటాడు. నాట్లు వేయాల్నా వద్దా?"

నాట్లు వేసిన తర్వాత కాలువ ఆగిపోతే నాటిన కూలీ, దుక్కి ఖర్చు, ఎరువు అన్నీ పోతాయి. నాట్లు ఆపితే నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే పిలకలు తక్కువ, దిగుబడి తక్కువ. అంటే తప్పు వార్త నమ్మినా నష్టమే, సరైన వార్త ఆలస్యంగా తెలిసినా నష్టమే. మార్కుల కోసం పెట్టిన నోటు పుస్తకం ఆ రోజు నుంచి ఇంటి పనికి వచ్చింది.

వెతకడం

ఆదివారం మా ఇంటికి వచ్చిన తెలుగు పేపర్లో ఈ వార్త లేదు. గేటు పోయింది రాత్రి పొద్దుపోయాక. పేపరు అచ్చయ్యేది కూడా రాత్రే. కాబట్టి ఆదివారం పేపర్లో లేకపోవడం వల్ల అది జరగలేదని అనుకోకూడదు. ఏ వార్తకైనా రెండు తేదీలు ఉంటాయి, జరిగిన తేదీ ఒకటి, అచ్చయిన తేదీ ఒకటి. నా నోటు పుస్తకంలో రెండింటికీ రెండు గళ్లు గీసుకున్నాను.

ఆదివారం రోజంతా ఫోన్లే వార్తలు. నాకు తెలిసిన గ్రూపుల్లో మూడు రకాలు వచ్చాయి. మొదటిది వీడియోలు. రెండోది ఎవరో తెలియని గొంతుతో వాయిస్ మెసేజ్‌లు. మూడోది అధికారుల హెచ్చరికలు, నది ఒడ్డున ఉన్న ఊళ్ల వాళ్లు జాగ్రత్తగా ఉండాలని. వీటిని జల్లెడ పట్టడానికి చిన్న ప్రశ్నలు చాలు. వీడియోలో తేదీ ఉందా? కనిపించేది మన డ్యామేనా? తుంగభద్ర డ్యాంకు ఒకే వరుసలో 33 గేట్లు ఉంటాయి. విహారానికి వెళ్లి ఆ వరుసను చూసిన వాళ్లు ఎవరైనా గుర్తుపడతారు. వాయిస్ మెసేజ్‌లో మాట్లాడేవాళ్లు పేరు, ఊరు చెప్పారా? చెప్పకపోతే అది వార్త కాదు, గాలి మాట. "డ్యాం తెగింది" అన్నదీ "డ్యాం గేటు ఒకటి పోయింది" అన్నదీ ఒకటి కాదు. తలుపు ఊడిపోతే ఇల్లు కూలిపోయిందని అనం కదా.

సోమవారం నుంచి నాకు నాలుగు ఆధారాలు దొరికాయి. ఇంటికి వచ్చే తెలుగు పేపరు ఒకటి, స్కూలు లైబ్రరీలో కన్నడ పేపరు ఒకటి, ఇంగ్లీషు పేపరు ఒకటి. నాలుగోది తుంగభద్ర బోర్డు రోజూ ఇచ్చే నీటి మట్టం లెక్క. ఈ నాలుగోదాంట్లో వర్ణన ఏమీ ఉండదు, అంకెలే. డ్యాం నిండు మట్టం 1633 అడుగులు. ఇవాళ ఎన్ని అడుగులు ఉంది, ఎన్ని టీఎంసీలు ఉన్నాయి, ఎంత వస్తోంది, ఎంత పోతోంది. అంతే. చదవడానికి రుచి ఉండదు గానీ మిగతా మూడింటినీ దీనితో సరిచూసుకోవచ్చు.

రెండు భాషలు, రెండు చూపులు

కన్నడలో వార్తను "సుద్ది" అంటారు. తెలుగులో "సుద్దులు" అంటే మంచి మాటలు, నీతి మాటలు. మాట ఒకటే, ఏరు దాటేసరికి అర్థం కొంచెం జరిగింది. వార్తలు కూడా అట్లే జరుగుతాయని ఆ వారం చూశాను.

మా ఇంటి తెలుగు పేపర్లో మొదట కర్నూలు, అనంతపురం జిల్లాల రైతుల సంగతి వచ్చింది. దిగువ కాలువ బళ్ళారి జిల్లా దాటి కర్నూలు వైపు పోతుంది. ఎగువ కాలువ అనంతపురం వైపు పోతుంది. ఆ పేపరు చదివేవాళ్లు ఎక్కువగా అక్కడ ఉన్నారు కాబట్టి వాళ్లకు ఏం అవుతుందన్నదే మొదటి ప్రశ్న. లైబ్రరీలోని కన్నడ పేపర్లో కొప్పళ, రాయచూరు, బళ్ళారి, విజయనగర జిల్లాల రైతులు మొదట వచ్చారు. తెలంగాణ సంగతి రెండింట్లోనూ చివర చిన్నగా ఉంది, రాజోలిబండ దగ్గర నుంచి గద్వాల వైపు పోయే నీళ్లూ ఈ నదివే అయినా.

రెండు పేపర్లలో ఏదీ అబద్ధం రాయలేదు. ఎవరి వాకిలి నుంచి వాళ్లు నదిని చూశారు, అంతే. ఇది కొత్త విషయం కూడా కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను 1908లో వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలో. 1914లో దినపత్రికగా మారింది మద్రాసులో. మన పక్కన అనంతపురంలో పప్పూరు రామాచార్యులు గారు 1926లో శ్రీ సాధన పత్రిక పెట్టారు. ఏ పత్రికైనా ఒక ఊళ్లో పుడుతుంది, కొందరు పాఠకుల కోసం పుడుతుంది. కాబట్టి వార్త చదివే ముందు ఈ పేపరు ఎక్కడ అచ్చయింది, ఎవరి కోసం అచ్చయింది అని అడగాలి.

మనకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. బళ్ళారిలో తెలుగు మీడియంలో చదివే పిల్లలం ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పాఠాల్లో రెండింటితో పాటు ఇంగ్లీషు చదువుతాం. మూడు లిపులు నేర్చుకోవడం భారమని మనమే చాలాసార్లు అనుకుంటాం. కానీ ఆ వారం తెలుగు పేపరు ఒక్కటే చదివి ఉంటే నదికి ఒక గట్టే కనిపించేది. సిరుగుప్ప రైతుకు ఏ రోజు వరకు కాలువ వదులుతారన్న వివరం కన్నడ పేపర్లోనే ఉంది. ఆదోని దగ్గర కాలువ చివర ఏమవుతుందన్నది తెలుగు పేపర్లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెడితేనే కాలువ మొదలూ చివరా కనిపించాయి.

ఆరు లైన్లు

సారాంశం రాసేటప్పుడు మేడం చెప్పిన పద్ధతి ఇది. వార్త రెండు సార్లు చదవాలి. పేపరు మూసేయాలి. గుర్తున్నది రాయాలి. మళ్లీ తెరిచి అంకెలు, పేర్లు, తేదీలు మాత్రం సరిచూడాలి. పేపరు తెరిచి పెట్టుకుని రాస్తే అది సారాంశం కాదు, కాపీ.

వారం చివర నేను రాసిన ఆరు లైన్లు ఇవి:

"ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది. మొత్తం గేట్లు 33. మిగతా గేట్లకు ప్రమాదం రాకుండా వాటిని తెరిచి లక్ష క్యూసెక్కుల దాకా నీరు వదిలారు. 60 టీఎంసీల దాకా నీరు తగ్గితే కానీ మరమ్మతు కుదరదని మొదట అన్నారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించడం ఆగస్టు 16న మొదలై 17న పూర్తయింది. డ్యాంలో 70 టీఎంసీలకు పైగా నీరు మిగిలింది."

ఇందులో "అయ్యో", "ఘోరం", "అద్భుతం" లాంటి మాటలు లేవు. అవి ఉండకూడదని కాదు. ప్రవహించే నీళ్లలోకి ఇనుప పలక దించిన కార్మికుల ధైర్యం చూస్తే నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. కానీ అది నా భావం. సారాంశంలో జరిగింది రాయాలి, కింద నా భావం రాసుకోవచ్చు. రెండూ కలిపేస్తే ఆ తర్వాత చదివేవాళ్లకు ఏది ఏదో తెలియదు.

లెక్క వేసి చూడడం

వార్తలో అంకె కనిపిస్తే చాలామంది దాటేస్తారు. నిజానికి పిల్లలు సొంతంగా పరీక్షించగలిగేది అంకెనే.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. ఒక రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పోతే 864 కోట్ల ఘనపు అడుగులు, అంటే 8.64 టీఎంసీలు. 19వ గేటు ఒక్కటే 35 వేల క్యూసెక్కులు వదిలితే రోజుకు సుమారు 3 టీఎంసీలు.

ఇప్పుడు "60 టీఎంసీలు తగ్గాలి" అన్న మాటను చూడండి. రోజుకు 8.64 చొప్పున 60 టీఎంసీలు పోవడానికి ఏడు రోజులు పడుతుంది. పైనుంచి కొత్త నీరు వస్తూ ఉంటే ఇంకా ఎక్కువ రోజులు. 105 టీఎంసీల నుంచి 60 తీస్తే మిగిలేది 45. ఆ 45తోనే మూడు రాష్ట్రాల పొలాలు, ఊళ్ల తాగునీళ్లు సాగాలి. ఈ లెక్క వేశాక మామ భయం ఎందుకో నాకు సరిగ్గా అర్థమైంది.

కానీ అదే మాటను ఇంకో రకంగా కూడా చదవాలి. "60 టీఎంసీలు పోయాయి" అని ఎవరూ రాయలేదు. "పోవాల్సి వస్తుంది" అన్నారు. ఇది జరిగిన సంగతి కాదు, అంచనా. అంచనా వేసిన రోజుకు అది సబబే. పారే నీళ్లలో పలకలు దించడం కుదురుతుందని అప్పటికి ఎవరికీ ఖాయంగా తెలియదు. తర్వాత అది కుదిరింది కాబట్టి 70 టీఎంసీలకు పైగా నిలిచింది. అంటే మొదటి వార్త అబద్ధమూ కాదు, చివరి మాటా కాదు. వార్తకు తేదీ ఉంటుంది, పెరుగుకు ఉన్నట్టే. ఏ రోజు మాట అన్నది చూడకుండా పాత వార్తను మళ్లీ పంపేవాళ్ల వల్లే సగం గందరగోళం.

క్రియ ఎక్కడుందో చూడండి

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. వార్త ఎంత గట్టిదో కూడా చివర్లోనే తెలుస్తుంది. "చైను తెగింది" అంటే విలేకరి తన పూచీ మీద చెప్తున్నాడు. "చైను తెగిందని అధికారులు చెప్పారు" అంటే పూచీ అధికారులది. "చైను తెగినట్లు సమాచారం" అంటే ఎవరు చెప్పారో మనకు చెప్పలేదు. "తెగిందని అనుమానిస్తున్నారు" అంటే ఇంకా తేలలేదు. మన అవ్వలు వాడే "అట" కూడా ఇదే పని చేస్తుంది. "తెగిందట" అంటే నేను చూడలేదు, విన్నాను అని. కన్నడ పేపర్లో "ఎన్నలాగిదె" అన్న మాట చూసినప్పుడల్లా నేను పక్కన "అట" అని రాసుకున్నాను.

నోటు పుస్తకంలో మూడు రంగులు వాడాను. జరిగింది నీలం, ఎవరో అన్నది ఆకుపచ్చ, ఊహ ఎరుపు. వారం చివర చూస్తే "తప్పు ఎవరిది" అన్న వార్తలన్నీ ఆకుపచ్చ, ఎరుపే. ఒక పార్టీ ఇంకో పార్టీని అన్నది, ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రాన్ని అన్నది. నీలం మాత్రం గేటు పోవడం, నీరు వదలడం, పలకలు దించడం, మట్టం లెక్క. పెద్ద అక్షరాల్లో వచ్చినవి ఎక్కువగా ఆకుపచ్చ, ఎరుపు. మామకు పనికొచ్చినవి నీలం.

సోమవారం నేను మామకు చదివి వినిపించింది నీలం లైన్లు, వాటి పక్కన "ఇది హామీ, ఇది అంచనా" అని గుర్తు. మొదటి పంటకు ఇబ్బంది రానివ్వమని నాయకులు అన్నది హామీ. 60 టీఎంసీలు అంచనా. ఏం చేయాలో నేను చెప్పలేదు, చెప్పే వయసూ కాదు. మామ కూలీలను ఆపి, నారును కాపాడుకుంటూ కూర్చున్నాడు. 17న పలకలన్నీ దిగాయని, మట్టం నిలిచిందని చూశాక ఆ రెండు ఎకరాలు నాటించాడు.

వార్త వెనక 1953

"డెబ్బై ఏళ్లలో ఇదే మొదటిసారి" అని చాలా చోట్ల వచ్చింది. డెబ్బై ఏళ్లు అంటే ఎక్కడి నుంచి లెక్క? ఒక గేటు పోతే మూడు రాష్ట్రాల పేపర్లలో మొదటి పేజీ ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వార్తలో దొరకలేదు, చరిత్ర పుస్తకంలో దొరికింది.

డ్యాంకు శంకుస్థాపన 1945 ఫిబ్రవరి 28న జరిగింది. అప్పటికి నదికి కుడి గట్టు మద్రాసు రాజధానిది, ఎడమ గట్టు నిజాం హైదరాబాదుది. అందుకే రెండు గట్ల మీద రెండు శంకుస్థాపనలు. ఇటు మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్, అటు హైదరాబాదు యువరాజు ఆజం ఝా. ఇప్పటి డ్యాంల మాదిరి సిమెంటుతో కాకుండా సుర్కీ, సున్నం కలిపిన గారతో రాళ్లు పేర్చి కట్టారు. 1953 జూలైలో మొదటిసారి కాలువకు నీళ్లు వదిలారు.

అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు బళ్ళారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి. మిగతావి మైసూరు రాష్ట్రంలో చేరాయి. బళ్ళారి తాలూకా ఎటు పోవాలన్నది పెద్ద గొడవ అయింది. దాన్ని పరిశీలించడానికి జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను నియమించారు. చివరికి మన ఊరు మైసూరుకు వచ్చింది. నీళ్లు వచ్చిన మూడు నెలలకే సరిహద్దు కూడా వచ్చింది. కాలువ ఒక రాష్ట్రంలో మొదలై ఇంకో రాష్ట్రంలో ముగిసే పరిస్థితి వచ్చింది కాబట్టి, ఆంధ్ర రాష్ట్ర చట్టం కిందనే తుంగభద్ర బోర్డు ఏర్పడింది. 1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయి రాయచూరు, కొప్పళ కూడా మైసూరుకు వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడి నీళ్లలో మూడో వాటాదారు వచ్చింది.

డ్యాం కట్టడం మొదలుపెట్టిన రెండు ప్రభుత్వాలూ ఇవాళ లేవు. డ్యాం ఉంది. దానిమీద ఆధారపడిన మూడు రాష్ట్రాలు ఉన్నాయి. 19వ గేటు వార్త మూడు రాష్ట్రాల్లో మూడు రకాలుగా రావడానికి కారణం విలేకరుల గుణం మాత్రమే కాదు, 1953లో గీసిన గీత కూడా. మనం కర్ణాటకలో ఉంటూ తెలుగులో చదవడానికి కారణమూ ఆ గీతే. అందుకే ఈ వార్త మన స్కూలుకు పక్క ఊరి వార్త కాదు.

పేపర్లో రాని వార్త

చివరగా, వార్తను అంచనా వేసేటప్పుడు ఇంకో ప్రశ్న అడగాలని ఈ పని వల్ల నాకు తెలిసింది. ఇందులో ఏం రాశారన్నది ఒకటే చాలదు, ఏది రాయలేదన్నది కూడా చూడాలి.

డ్యాం కట్టినప్పుడు దానిలో దాదాపు 133 టీఎంసీల నీరు పట్టేది. ఇప్పుడు పట్టేది 105.78 టీఎంసీలు. మిగతా సుమారు 27 టీఎంసీల చోటును ఒండ్రు మట్టి నింపేసింది. ఈ 27 టీఎంసీలు ఎంతో తెలుసా? 19వ గేటు నుంచి తొమ్మిది రోజులు ఆగకుండా నీళ్లు పోతే ఎంతో అంత. గేటు పోయిన వారంలో డ్యాంలో 30 టీఎంసీలకు పైగా తగ్గింది. దేశమంతా చూసింది. కానీ సెప్టెంబరులో మళ్లీ నీరు వచ్చి డ్యాం నిండింది. మట్టి తిన్న చోటు మాత్రం ఏ వానకూ తిరిగి రాదు. డెబ్బై ఏళ్లుగా, ప్రతి ఏడూ, ఏ రాత్రీ చప్పుడు చేయకుండా పోతోంది. చప్పుడు లేదు కాబట్టి మొదటి పేజీ లేదు.

ఒక్కసారిగా జరిగేది వార్త అవుతుంది. మెల్లగా జరిగేది ఎక్కువసార్లు వార్త కాదు, చరిత్రే అవుతుంది. గేటు వార్త చదవడానికి పేపరు చాలు. మట్టి వార్త చదవాలంటే 1953 అంకెను, 2024 అంకెను పక్కపక్కన పెట్టి తీసివేత చేయాలి. ఆ తీసివేత మూడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. కానీ రెండు అంకెలనూ ఎవరో ఒకరు దాచిపెట్టి ఉండాలి.

అందుకే ఈ వ్యాసం చదివే తల్లిదండ్రులకు, తాతలకు, అవ్వలకు ఒక మనవి. మీ ఇళ్లల్లో పాత పేపర్లు, పాత కాలువ నీటి రసీదులు, 1953 నాటి కాగితాలు ఉంటే అటక మీద నుంచి దించి పాత సామాన్ల వాడికి వేసే ముందు ఒకసారి మా స్కూలుకు చూపించండి. కాగితాలు లేకపోయినా, బళ్ళారి ఎటు పోతుందో అని ఇంట్లో మాట్లాడుకున్న మాటలు మీకు గుర్తుంటే చెప్పండి. మేము రాసుకుంటాం. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, చూసి చెప్పారా విని చెప్పారా అన్నది కూడా పక్కన రాసుకుంటాం.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇంతే. వచ్చే ఏడు మీరు పదికి వస్తారు, మీకూ వార్తల నోటు పుస్తకం వస్తుంది. దాన్ని మార్కులకు పెట్టే పుస్తకం అనుకోకండి. ఒక వార్త తీసుకోండి, రెండు భాషల్లో చదవండి, అంకెను లెక్క వేయండి, వాక్యం చివరి క్రియను చూడండి, ఆ తర్వాతే ఇంకొకరికి చెప్పండి. మీరు చెప్పే మాట విని ఎవరో ఒక రైతు నాట్లు వేయాలా వద్దా అని నిర్ణయించుకోవచ్చు.